ఇరవైకి మూడు

బోర్డు మీద తొమ్మిది పేర్లున్నాయి.

టీచరు ట్రైనింగ్‌కి వచ్చిన అమ్మాయి క్లాసులో అడుగు పెడుతూనే డస్టర్ తీసుకుని తొమ్మిదీ తుడిచేసింది.

మూడో తరగతి మొత్తం నోరెళ్లబెట్టింది.

ఆ పేర్లు రాసింది క్లాసు లీడరు. మేడమ్ లేనప్పుడు ఎవరు మాట్లాడితే వాళ్ల పేరు రాయాలి. మళ్లీ మాట్లాడితే పేరు పక్కన గీత. మూడు గీతలు పడితే బెత్తం. ఆ స్కూల్లో అందరూ తెగ మెచ్చుకునే పద్ధతి అది.

“టీచర్, మేడమ్ నన్ను తిడతారు,” లీడరు పిల్ల ఏడుపు ముఖం పెట్టింది.

“తిడితే నన్ను తిడతారులే. ఆ చాక్‌పీసు ఇలా ఇవ్వు. ఇది నీ పని కాదమ్మా.”

తర్వాత అందరి వైపూ తిరిగింది.

“నా క్లాసులో ఒకటే రూలు. ఒంట్లో బాగోకపోయినా, భయమేసినా, పక్కవాళ్లకి ఏమైనా అయినా వెంటనే చెప్పాలి. నేను పాఠం చెబుతున్నా సరే.”

“అరవొచ్చా టీచర్?”

“అరవండి.”

ఇంకేం, క్లాసు సంతలా తయారైంది. మొదటి వారమంతా ప్రతివాడికీ కడుపునొప్పే. ఆమె ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని వినేది. రెండో వారానికి దొంగ నొప్పులన్నీ వాటంతటవే మాయమయ్యాయి. కానీ అదెవరు చూడొచ్చారు?

మూడో తరగతి మేడమ్‌కి మాత్రం ఒళ్లు మండిపోయింది. తన క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినబడుతుందని పాతికేళ్లుగా ఆమెకి పేరు.

“ఏమమ్మా ట్రైనింగూ, ఇది క్లాసా, బస్టాండా?”

నలభై రోజుల్లో ఆమె ఆ అమ్మాయిని పిలిచిన పిలుపు అదొక్కటే. బోర్డుకెక్కిన ప్రతి పిల్ల పేరూ గుర్తుపెట్టుకునే మనిషికి, ఎదురుగా నిలబడ్డ అమ్మాయి పేరు అడగాలని మాత్రం తోచలేదు.

“మాట్లాడనివ్వకపోతే వాళ్ల బాధ మనకెలా తెలుస్తుంది మేడమ్?”

“నాకు పాఠాలు చెప్పకు. చిన్నప్పుడు నీ పేరు రోజూ బోర్డు మీదే ఉండుంటుంది. ఆ కసంతా ఇక్కడ తీర్చుకుంటున్నావు.”

అమ్మాయి డస్టర్ తీసుకుని బోర్డు తుడవసాగింది.

చివరి రోజు పరీక్ష పాఠం. అందులో క్రమశిక్షణకి ఇరవై మార్కులు. ఎనిమిది రాకపోతే ఫెయిలు. ఫెయిలైతే సర్టిఫికెట్టు లేదు, వచ్చే నెల చేరాల్సిన ఉద్యోగమూ లేదు. మార్కులు వేసేది క్లాసు మేడమ్. కవరుకి సీలు వేసి పట్టుకెళ్లేది కాలేజీ లెక్చరర్. సీలు పడ్డాక మార్చే వీల్లేదు.

ఇద్దరూ వెనక బెంచీలో కూర్చున్నారు. పాఠం సగంలో ఉంది.

“టీచర్! ఇది వణికిపోతోంది టీచర్!” మూడో వరసలోంచి కేక.

ట్రైనింగ్ అమ్మాయి చేతిలోది అక్కడే పడేసి పరుగెత్తింది. పిల్ల ఒళ్లు పెనంలా కాలిపోతోంది. ఎత్తుకెళ్లి ఆయాకి అప్పగించి, ఇంటికి ఫోను చేయించి తిరిగొచ్చింది. ఈలోగా ఒకడు నీళ్ల సీసా అందించి వచ్చాడు. ఇంకొకతె ఆ పిల్ల బ్యాగు సర్దింది. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. పాఠం మళ్లీ ఎత్తుకునేలోగా బెల్లు కొట్టేశారు.

“పాఠం పూర్తికాలేదు,” లెక్చరర్ పెదవి విరిచాడు.

“జ్వరం ఎక్కడికీ పారిపోదు కదా, పది నిమిషాలు ఆగలేకపోయావా?” అంటూ మేడమ్ మార్కుల కాగితం మీద మూడు వేసింది. ఆ మూడూ దయతలచి వేసినవట!

“పిల్ల కాలిపోతుంటే పాఠం చెప్పమంటారా మేడమ్?” కోపంతో అమ్మాయి ముఖం ఎర్రబడింది. “ఆగితే ఏమవుతుందో మీకు తెలియదా?”

“ఏంటా గొంతు? తగ్గించు.”

“తగ్గించను. మూడు కాకపోతే సున్నా వేసుకోండి. నా ముందు మాత్రం ఏ పిల్లా నోరు మూసుకుని బాధపడటానికి వీల్లేదు.”

లెక్చరర్ సీలు వేసి, కవరు సంచిలో పెట్టుకుని బైకెక్కాడు. అమ్మాయి పిల్లలందరికీ వెళ్లొస్తానని చెప్పి వెళ్లిపోయింది.

సాయంత్రం గది ఊడవడానికి వచ్చిన ఆయా బెంచీలు దడదడా జరిపింది.

“ఏంటి, నా మీద విసుర్లా?” అంది మేడమ్.

“ఫెయిలు చేశారటగా.”

“చెయ్యక ముద్దు పెట్టుకోనా? క్రమశిక్షణంటే తెలియని మనిషి.”

ఆయా చీపురు కింద పెట్టింది.

“పదహారేళ్ల కిందట ఇదే గదిలో, ఆయాసం పిల్ల. గుర్తుందా మేడమ్?”

గుర్తులేకేం? ఆ రోజు మేడమ్ ఆఫీసు గదిలో కబుర్లలో ఉంది. ఊపిరాడట్లేదని ఆ పిల్ల మూడుసార్లు అంది. మొదటిసారికి పేరు పడింది, తర్వాత రెండు గీతలు పడ్డాయి. మూడో గీత పడితే బెత్తమని నోరు మూసుకుంది. బెల్లు కొట్టాక అందరూ లేచారు, ఆ పిల్ల లేవలేదు. జబ్బుతో పోయిందన్నారు. ఎవరో గబగబా బోర్డు తుడిచేశారు. పద్ధతి మాత్రం ఎవరూ తుడవలేదు.

మేడమ్ నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది.

“ఈ అమ్మాయి ఆ పిల్ల చెల్లెలా?”

“చెల్లెలూ కాదు, చుట్టమూ కాదు. వచ్చిన రోజే నా చేతులు పట్టుకుని బావురుమంది. పాసయ్యాక తనే మీతో చెప్పుకుంటానంది, అందాకా నన్ను నోరెత్తొద్దంది.”

“మరి ఎవరే?”

“ఆ రోజు మీరు చాక్‌పీసు చేతికిచ్చి వెళ్లిన లీడరు మేడమ్, ఆ పేరు రాసి, పక్కన రెండు గీతలూ గీసింది తనే.”