ఖండన

"డ్యామ్ గేటు విరగలేదు. నా వెనక చూడండి, ఏడు గేట్లూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఎవడో పనీపాటా లేనివాడు పెట్టిన మెసేజి చూసి పిల్లాజెల్లాతో గుట్టెక్కి కూర్చున్నారు. దయచేసి ఇళ్లకు వెళ్లండి. పుకార్లు నమ్మకండి."

విలేకరి వీడియో ఆపి తన పత్రిక పేజీలో పెట్టేశాడు. డ్యామ్ కట్ట మీద గాలి చెవులు చిల్లులు పడేలా కొడుతోంది. పది నిమిషాలు తిరగకుండానే చూసినవాళ్ల లెక్క వేలు దాటింది. కింద వ్యాఖ్యలు వచ్చి పడుతున్నాయి. 'మీరు చెప్పారు కాబట్టి దిగుతున్నాం సార్.' 'ఈ ఊళ్లో నమ్మదగ్గ మనిషి మీరొక్కరే.'

అతనికి ఛాతీ కాస్త పొంగిన మాట నిజం. ఇంజనీరుకు ఫోన్ చేసి కనుక్కున్నాడు. అది చాలక బండేసుకుని వచ్చి కళ్లారా చూశాడు. ఇంతకంటే ఏం చేస్తారెవరైనా?

ఇక మిగిలింది ఆ మెసేజి పెట్టినవాణ్ని పట్టుకోవడం.

ఐదో గేటు దగ్గర ఒక ముసలాయన రెయిలింగు పట్టుకుని కిందికి చూస్తున్నాడు. ఖాకీ చొక్కా, చేతులనిండా గ్రీజు. ముప్పై ఏళ్లుగా ఆ గేట్లు ఎత్తి దించే మనిషి.

"ఏం పెద్దాయనా, పొద్దుటినుంచీ ఇక్కడే ఉన్నావు కదా. ఈ గేటు విరిగిందని పుకారు పుట్టించిన మహానుభావుడెవరో తెలుసా?"

"నేనే బాబూ."

విలేకరి విరుచుకుపడ్డాడు.

"బుద్ధుందా నీకు? ఆ తోపులాటలో ఎవరైనా చచ్చిపోతే? విరగని గేటు విరిగిందని ఎలా రాశావయ్యా?"

"విరుగుతుందని మూడు ఉత్తరాలు రాశాను బాబూ. సీజన్ అయ్యాక చూద్దామన్నారు. ఇవాళ పొద్దున ఇంజనీరుగారికి ఫోన్ చేశాను. నీకెందుకయ్యా, నీ పని నువ్వు చూసుకో అన్నారు. సైరన్ మోగిద్దామంటే ఆ గది తాళం ఆఫీసులో ఉంది." ముసలాయన గొంతు పెంచలేదు. "విరుగుతుంది అంటే ఒక్కడూ కదలడు. విరిగింది అంటేనే కదులుతారు. అందుకని అబద్ధం రాశాను. ఇలా రా, నీ చెయ్యి ఇక్కడ పెట్టు."

విలేకరి గేటును పట్టి ఉంచే ఇనుప దిమ్మె మీద అరచెయ్యి ఆనించాడు. అది వణుకుతోంది. జ్వరం వచ్చిన ఒంటిలా, ఆగకుండా. ముసలాయన వేలు చూపించిన చోట, తుప్పు కింద, బొటనవేలు పట్టేంత చీలిక.

"ఇది... ఎంతసేపు ఆగుతుంది?"

"అది నా చేతిలో లేదు. పొద్దున ఇందులో రూపాయి బిళ్ల పట్టేది కాదు."

విలేకరి గబుక్కున ఫోన్ తీశాడు. గుట్ట మీదినుంచి జనం దిగి అప్పుడే అరగంట. అందరికంటే దిగువన, నది ఒడ్డునే ఉండేది తన పేట. కంట్రోల్ రూముకు ఫోన్ చేశాడు.

"మీ వీడియో చూసే కదా సార్ మేమూ అందర్నీ వెనక్కి పంపింది," అన్నాడు అవతలి మనిషి. "మళ్లీ పంపాలంటే ఇంజనీరుగారు ఒక మాట చెప్పాలి."

ఇంజనీరు ఫోన్ ఎత్తలేదు.

అతను కెమెరా తన మొహం వైపు తిప్పుకున్నాడు. జుట్టు చెదిరిపోయింది. గొంతు తనది తనకే కొత్తగా వినిపించింది.

"నేను పొరబడ్డాను. ఇందాక చెప్పింది తప్పు. ఐదో గేటు ఏ క్షణమైనా విరగొచ్చు. దండం పెడతాను, ఉన్నపళంగా గుట్టెక్కండి. సామాన్లు చూసుకోకండి. పరుగెత్తండి!"

ఇరవై ఏళ్ల ఉద్యోగంలో తన మాట తాను ఖండించుకోవడం అదే మొదటిసారి. వీడియో పెట్టి భార్యకు ఫోన్ చేశాడు. వేరే కాల్‌లో ఉందని వచ్చింది. మళ్లీ చేశాడు. వేరే కాల్‌లోనే ఉంది. మళ్లీ. మళ్లీ. అలా పది నిమిషాలు.

"ఎవరితో ఈ కబుర్లు, ఇప్పుడా!" అని పళ్లు నూరుకున్నాడు.

అప్పుడు కాళ్ల కింద కాంక్రీటు ఒక్కసారి అదిరింది. ఇనుము చీలిన చప్పుడు లోయంతా మార్మోగింది. ముసలాయన అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. ఐదో గేటు అట్టముక్కలా పక్కకి ఒరిగింది, దాని చోట గోధుమరంగు నీరు నిలువెత్తు గోడై దూకింది.

"పేట దాకా పోవడానికి ఇరవై నిమిషాలు బాబూ," అన్నాడు ముసలాయన. "ఈపాటికి నీ రెండో మాట విని అందరూ ఎక్కేసుంటారు. ఇందాక నీ మాటకేగా ఠక్కున దిగారు."

విలేకరి మాత్రం భార్య నంబరు నొక్కుతూనే ఉన్నాడు. వేరే కాల్‌లో ఉంది. ఇంతలో ఫోన్ టింగుమంది. ఆమె దగ్గరినుంచే, వాయిస్ మెసేజి. నొక్కి చెవికి ఆనించుకున్నాడు.

"ఏమండీ, ఎవరో మీ మొహం, మీ గొంతు అచ్చు గుద్దినట్టు పెట్టి దొంగ వీడియో చేశారు, మళ్లీ గుట్టెక్కమని. అత్తయ్యయితే చూసి హడలిపోయారు. మీరేం కంగారుపడకండి, పేటలో ఒక్కొక్క ఇంటికీ ఫోన్ చేసి అది మీరు కాదని చెబుతున్నాను. ఒక్కరంటే ఒక్కరు గడప దాటలేదు."