గాల్లో బిగించిన బోల్టు

"బావా, మళ్లీ వచ్చింది!"

కారు ఇంకా ఆగనేలేదు, బావమరిది కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు.

మెకానిక్ చేతిలోని స్పానర్‌ను బల్ల మీద గిరాటేశాడు. మూడు రోజుల్లో ఇది ఐదోసారి.

కారు నేలను రాసుకుంటూ పోతున్నట్టుంటే అందమని బావమరిది ముచ్చటపడ్డాడు. బావ పాత స్ప్రింగులు తీసి పొట్టివి వేశాడు. కారు నాలుగు వేళ్లు కిందికి దిగింది. ఆ రోజు నుంచే ముందు ఎడమ చక్రం దగ్గర చప్పుడు మొదలైంది.

గతుకు ఎక్కితే కిర్రు. దిగితే టక్కు.

షాకబ్జార్లు విప్పి మళ్లీ బిగించాడు. లింకు రాడ్లు కొత్తవి వేశాడు. స్ప్రింగు అడుగున రబ్బరు మార్చాడు. ప్రతిసారీ కారు వీధి చివరి స్పీడ్ బ్రేకర్ దాకా బుద్ధిగా వెళ్లేది. అక్కడ కిర్రుమనేది.

"ఎల్లుండి అమ్మని ఆపరేషన్‌కి తీసుకెళ్లాలి బావా. రెండొందల కిలోమీటర్లు. దారిలో చక్రం ఊడితే?"

"ఊడదురా! పాతికేళ్ల నుంచి చేస్తున్నా ఈ పని."

"అక్క కూడా అదే అడుగుతోంది."

అక్క అడగడం కాదు. మూడు రోజులుగా ఇంట్లో కంచం పెట్టే చప్పుడు కారు చప్పుడును మించిపోయింది.

"సరే, కారు ఊపు. విందాం."

బావమరిది బానెట్ అంచు పట్టుకుని కారును కిందికీ పైకీ ఊపాడు. మెకానిక్ చక్రం పక్కన చెవి పెట్టాడు. లేచి చూసేసరికి మడ్‌గార్డ్ మీద ఇంకెవరిదో అరచేయి ఉంది.

పక్క జిరాక్స్ షాపు ఖాళీ చేస్తున్నారు. ఆ షాపు అమ్మాయి సామాను సర్దుకుంటుంటే, ఆమెతో వచ్చిన పెద్దాయన నిన్నటి నుంచి షెడ్డు ముందు బెంచీ మీద కూర్చుంటున్నాడు. అరచేయి ఆయనదే.

"ఏంటి పెద్దాయనా, నాడి చూస్తున్నారా?"

పెద్దాయన అతని మొహంలోకి చూసి నవ్వాడు.

"ఆ బాబుని ఇంకోసారి ఊపమనండి."

బావమరిది ఊపాడు. పెద్దాయన కళ్లు మూసుకుని చేతిని కాస్త కిందికి జరిపాడు.

"స్ప్రింగు మంచిదే. కింది ఆర్మ్‌లో రబ్బరు బుష్షు ఉంటుంది చూడండి, అదే ఏడుస్తున్నది. బండిని జాకీ మీద లేపి బోల్టులు బిగించారు కదూ?"

"మరి నెత్తిన పెట్టుకుని బిగించాలా?"

"చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, కారు దిగాక రబ్బరు మెలిపడిపోతుంది. బోల్టులు వదులు చేయండి. కారు నాలుగు చక్రాల మీద నిలబడ్డాక బిగించండి. అంతే."

బావమరిది కిసుక్కున నవ్వాడు. మెకానిక్‌కి ఒళ్లు మండింది. విసురుగా కారు కిందికి దూరాడు.

"ఇంతకీ మీరెప్పుడైనా స్పానర్ పట్టుకున్నారా?" అని అక్కడి నుంచే అడిగాడు.

జవాబు లేదు.

"మిమ్మల్నే!"

ఊహూఁ.

"చూశావురా? సలహా ఇవ్వడానికి నోరుంటుంది, అడిగితే మాత్రం పెగలదు. ఎంత పొగరో!"

మర్నాడు పొద్దున్నే ఆరోసారి కారు వచ్చింది. పెద్దాయన బెంచీ మీంచి లేచి వచ్చి మళ్లీ మడ్‌గార్డ్ మీద చేయి వేశాడు.

"ఆ బోల్టులు వదులు చేసినట్టు లేరు బాబూ."

మెకానిక్ ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"నాలుగు రోజులుగా ఈ చప్పుడు వింటూ చస్తున్నది నేను. నాకు దొరకనిది మీకు దొరుకుతుందా? పనీపాటా లేకపోతే ఇంట్లో కూర్చోండి. నా ప్రాణం తీయకండి!"

పెద్దాయన చేయి వెనక్కి తీసుకున్నాడు. అంటిన దుమ్మును చొక్కాకు తుడుచుకున్నాడు.

"రేపు ప్రయాణం ఉందన్నారని చెప్పాను బాబూ. తప్పయితే ఏమీ అనుకోకండి."

మెల్లగా పక్క షాపులోకి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి మెకానిక్ దగ్గర విప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. ఇంటి నుంచి ఫోను రెండుసార్లు మోగింది. ఎత్తలేదు.

చివరికి కారును షెడ్డు వెనక గొయ్యి మీద నిలబెట్టాడు. నాలుగు చక్రాలూ నేల మీదే ఉన్నాయి. గోతిలోకి దిగి, చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్ బోల్టు వదులు చేశాడు.

మెలిపడిన రబ్బరు 'టప్'మని తన చోటికి తిరిగింది.

కారు అలా నిలబడి ఉండగానే బోల్టు బిగించాడు. రెండోవైపు కూడా అలాగే చేశాడు.

బావమరిది వీధి చివరి స్పీడ్ బ్రేకర్‌ను మూడుసార్లు ఎక్కించి దింపాడు. నిశ్శబ్దం.

"పోయింది బావా! పోయింది!"

మెకానిక్ చేతులైనా కడుక్కోకుండా పక్క షాపులోకి పరిగెత్తాడు. అరలన్నీ ఖాళీ. అమ్మాయి ఒక్కతే ఆఖరి పెట్టెకు టేపు అంటిస్తోంది.

"పెద్దాయన ఏరమ్మా?"

"నాన్నా? ఇందాకే అన్నయ్య వచ్చి ఊరికి తీసుకెళ్లిపోయాడండి. రేపు నేనూ వెళ్లిపోతున్నా. ఇక మేమంతా అక్కడే."

మెకానిక్ గ్రీజు చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు.

"పొద్దున ఆయన్ని అనరాని మాటలన్నానమ్మా. నన్ను క్షమించమని చెప్పు. ఎప్పుడు ఇటు వచ్చినా నా షెడ్డులో కుర్చీ వేసి కూర్చోబెడతాను. పాతికేళ్లలో అలాంటి చెవులు నేనెక్కడా చూడలేదు."

అమ్మాయి టేపు పక్కన పెట్టింది.

"నాన్న కార్ల ఫ్యాక్టరీలో చేసేవారండి. కొత్త కారులో ఎక్కడ చప్పుడొచ్చినా ఆయన్నే పిలిచేవాళ్లు. ఆ మోతలోనే చెవులు పూర్తిగా పోయి పదిహేనేళ్లయింది, మనుషుల మాట పెదాలు చూసి తెలుసుకుంటారు, బండి మాట అరచేత్తో వింటారు."