కింది మెట్టు

కొండగట్టు మెట్లు దిగుతూ దిగుతూ నర్మద చంటిపిల్లతో సహా కూలబడిపోయింది.

ఎడమ చెవిలో హోరు. కళ్ల ముందు కొండే గిరగిరా తిరుగుతోంది.

కోడలికి గాలి సోకిందని అత్త కనకవ్వ ఇక్కడికి తెచ్చింది. పొద్దుటి నుంచి తడిబట్టలతో గుడి చుట్టూ తిప్పింది. తిరిగినకొద్దీ నర్మదకు తల ఇంకా తిరిగింది.

మొన్న పిల్లతో మగ్గం గుంటలో పడబోయింది కదా, ఇక్కడా నయం కాకపోతే పిల్లను తనే ఉంచుకుంటానని కనకవ్వ బండిలో దారంతా అంటూనే ఉంది. ఇప్పుడు ప్రసాదం కోసం పైన ఆగింది.

ఇంతలో ఒక ముసలామె గోడ పట్టుకొని తూలుతూ వచ్చింది. పొద్దున కనకవ్వ ఆమెను చూసి, కల్లు తాగి దేవుని దగ్గరికొచ్చిందని ఈసడించింది.

ఆమె సరిగ్గా నర్మదకు కింది మెట్టు మీదే కూర్చుంది. వీపు నర్మద మోకాళ్లకు ఆనించింది. కల్లు వాసన మాత్రం రాలేదు.

"జర అటు జరుగు అవ్వా," అంది నర్మద, ఓపిక లేక.

ఆమె జరగలేదు.

"చెవుల హోరు పెడుతున్నదా బిడ్డా?"

నర్మద ఉలిక్కిపడింది. ఆ మాట ఇంట్లో ఎవరూ అడగలేదు.

"గది గాలి కాదు, చెవుల రోగం. దవాఖాన్ల చెప్పిండ్రు. హోరు పెట్టంగనే పొల్లను కింద పండవెట్టు. గోడకు ఒరిగి, ఏదన్న ఒక్కదాన్నే చూడు. తల తిప్పకు. ఉప్పు తగ్గించు."

తాగిన మాటలే అనుకుంది నర్మద. అయినా తల తిప్పే సత్తువ లేక, ఎదురుగా ఉన్న ఆ నెరిసిన కొప్పునే చూస్తూ ఉండిపోయింది.

కొండ మెల్లగా ఆగింది.

అప్పుడే కనకవ్వ దిగి వచ్చింది.

"తాగినదాన్ని పొల్ల మీద వాలనిస్తవానే?"

ముసలామె గోడ పట్టుకొని లేచి వెళ్లిపోయింది. నర్మద ఆపలేదు.

ఇంటికెళ్లాక కళ్లు తిరగడం పూర్తిగా పోలేదు. కానీ చెవి హోరెత్తగానే నర్మద పిల్లను దించేది, గోడకు ఒరిగేది, మగ్గం గుంజనే చూసేది. పిల్ల ఒక్కసారీ పడలేదు. తల్లి దగ్గరే నడక నేర్చింది.

మరుసటేడు నర్మద ఆ మెట్ల మీద ముసలామెను వెతికింది. చివరికి కొబ్బరికాయలమ్మే సత్తవ్వను అడిగింది, కల్లు తాగి తూలే అవ్వ ఏదని.

"మొన్న వానకాలంల పోయింది. ఆమె కల్లు ముట్టలే బిడ్డా, కళ్లు తిరిగే బీమారి," అంది సత్తవ్వ. "వయసుల ఉన్నప్పుడు గీ మెట్ల మీదనే పడ్డది. చంకల పొల్ల దక్కలే. అప్పటిసంది పిల్లతల్లి ఎవరు కూలవడ్డా, ఉరికొచ్చి కింది మెట్టు మీద అడ్డం కూసునేది."