మూడో పేరు

“ఎల్లారావు పేరు లేకపోతే ఈ పేపరు వెళ్లదు సార్” అంది షిరీన్.

ప్రొఫెసర్ దేవీప్రసాద్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. ల్యాబ్ అటెండరు పేరు విదేశీ జర్నల్లో వేస్తే రేపు కాంటీన్లో టీ పోసేవాడు కూడా వచ్చి అడుగుతాడన్నాడు. పీహెచ్‌డీ పిల్ల తన పని తాను చూసుకుంటే మంచిదన్నాడు. పేపరు పంపడానికి గడువు సాయంత్రం అయిదు. అది దాటితే ఆమె థీసిస్ ఇంకో ఏడాది వెనక్కి పోతుందని కూడా గుర్తు చేశాడు.

షిరీన్ నిలబడే ఉంది. కూర్చోమని ఆయన అనలేదు.

లేజర్ కాంతి తగిలిన కాల్షియం పరమాణువులో ఎలక్ట్రాను మేఘం ఢమరుకంలా తయారవుతుంది. ఎదురొచ్చే హీలియం పరమాణువు దాన్ని నిలువుగా ఉన్నప్పుడు గుద్దితే శక్తి ఒక మోతాదులో చేతులు మారుతుంది, అడ్డంగా ఉన్నప్పుడు గుద్దితే మరో మోతాదులో. ఆ తేడా కొలవడమే షిరీన్ పని. లేజర్ దారిలో గాజుబిళ్ల బిగించిన రింగు ఒకటుంది. దాన్ని తిప్పితే ఢమరుకం తిరుగుతుంది. తిప్పే మోటారు కాలిపోయి రెండేళ్లయింది. కొత్తది కావాలని ఆమె రాసిన కాగితం ఇంకా ఈ బల్ల సొరుగులోనే ఉంది.

అందుకే ఇవతల షిరీన్ లేజర్‌ని కాచుకుని కూర్చుంటే, నల్ల తెర వెనక ఎల్లారావు చేత్తో రింగు తిప్పి, మీటరు చూసి పుస్తకంలో రాసేవాడు. నాలుగు నెలలు. తెర వెనక ఫ్యాను కూడా లేదు. గాజువాక నుంచి రెండు బస్సులు మారి, ఆమెకన్నా ముందే వచ్చి తాళం తీసేవాడు.

తిప్పడం, రాయడం, అందులో ఏముంది, మా పనిమనిషి కూడా చేస్తుంది అన్నాడు దేవీప్రసాద్.

“మీరు ఆ తెర వెనక్కి ఎన్నిసార్లు వచ్చారు సార్? మీ పేరుందిగా.”

ఆయన మెడ ఎర్రబడింది. గొంతు తగ్గించమన్నాడు. షిరీన్ తగ్గించలేదు. తను ముందే లెక్కకట్టి గీసిన గీతమీద రీడింగులు పూసలు గుచ్చినట్టు కూర్చున్నాయని, తన సర్వీసులో ఇలాంటివి చూడలేదని మెచ్చుకున్నది ఆయనే. పూసలు కావాలి, గుచ్చినవాడు అక్కర్లేదా అని అడిగింది.

కావాలంటే చివర్లో చిన్న అక్షరాల్లో కృతజ్ఞతలు చెప్దామన్నాడు. అక్కడ హీలియం సిలిండర్లు పంపిన కంపెనీకి కూడా చెప్పామంది షిరీన్. ఆయన గోడ గడియారం చూశాడు. అయిదుకి ఇరవై నిమిషాలుంది.

“అయితే నా పేరూ తీసెయ్యండి. మొత్తం మీరే చేశారని పంపుకోండి” అని పేపరున్న పెన్‌డ్రైవ్ ఆయన కంప్యూటర్లోంచి పీకి పిడికిట్లో పెట్టుకుంది.

నీకు బాగా పొగరు అన్నాడు. కాసేపటికి చెయ్యి చాపాడు. ఎల్లారావు పేరు తనే టైపు చేశాడు, రెండు తప్పులతో. షిరీన్ పక్కనే నిలబడి దిద్దించింది. ఆయన చేతే పంపించింది.

మొదటి పేజీ ప్రింటు తీసుకుని మెట్లు దిగింది. తెర వెనక ఎల్లారావు బల్ల తుడుస్తున్నాడు.

“మూడో పేరు చూడండి బాబాయ్.”

అతను చేతులు ప్యాంటుకి రాసుకుని కాగితం అందుకున్నాడు. తన పేరు కింద వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు. వేలు అక్కణ్ణుంచి తియ్యలేదు. సంతోషం అనుకుంది షిరీన్.

“పంపీసారేటమ్మా?”

“పంపేశాం. ఇంక ఎవరూ తియ్యలేరు.”

ఎల్లారావు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కాగితాన్ని జాగ్రత్తగా బల్లమీద బోర్లా పెట్టాడు.

“ఆ రింగు మొదటి వారంలోనే బిగుసుకుపోనాదమ్మా. సెప్తే సారు మీమీద ఇరుచుకుపడతారని, ముప్పయ్యేళ్లుగా ప్రాక్టికల్స్ పిల్లలకి సేసినట్టే, మీరు ముందే గీసి పెట్టుకున్న గీత సూసి నాను రీడింగులు రాసీసాను.”