దిగలేనయ్యా

గారెట్ ఎరల కొట్టులోకి వెళ్లి నాలుగు నిమిషాలైనా కాలేదు.

వానపాముల డబ్బా పట్టుకుని బయటికి వచ్చేసరికి, రేవు వాలు మీద తన ట్రక్కు సరస్సు వైపు వెనక్కి పోతోంది.

స్టీరింగు దగ్గర ఎవరో ముసలాయన. పక్క సీట్లో తన ఆరేళ్ల కూతురు డెల్లా గొంతు చించుకుని అరుస్తోంది.

అమెరికాలో, అర్కాన్సాలోని ఆ కొండ ఊళ్లలో మగవాడి నడుముకి తాళాల గుత్తి ఎంత మామూలో, తుపాకీ అంత మామూలు. గారెట్ డబ్బా పారేసి, తుపాకీ తీసి పరిగెత్తాడు.

ట్రక్కు నీటి అంచున ఆగింది. వెనక చక్రాలు సగం మునిగాయి.

ఎందుకు ఆగిందని అతను ఆలోచించలేదు.

"ఒరేయ్! దిగరా కిందికి!"

తెరిచి ఉన్న తలుపులోంచి ముసలాయన తల తిప్పాడు. తన మీదికి గురిపెట్టిన తుపాకీని చూశాడు.

"దిగలేనయ్యా. నువ్వు అటు తిరిగొచ్చి ముందు పాపని..."

"పాప ఊసెత్తావంటే చంపేస్తా! చేతులు పైకి!"

ఎడమ చేయి పైకి లేచింది. కుడి చేయి లేవలేదు. నడుము వైపు దిగింది.

గారెట్ కాల్చాడు.

ఒక్కటే గుండు. ముసలాయన సీటుకి వాలిపోయాడు.

గారెట్ అటు పక్కకి దూకి తలుపు లాగాడు. డెల్లా సీటు బెల్టు అప్పటికే ఊడి ఉంది. పిల్లని చంకనేసుకుని ఒడ్డుకి పరిగెత్తాడు.

"అయిపోయిందమ్మా. దొంగవెధవ ఇంక నిన్నేం చెయ్యలేడు."

డెల్లా వెక్కుతూ అతని చొక్కా పట్టుకుంది.

"ఆ తాతని ఎందుకు కాల్చావు నాన్నా? బండి దానంతటదే జారిపోతోంది. తాత పరిగెత్తుకొచ్చి ఎక్కాడు."

గారెట్ వెనక్కి తిరిగి చూశాడు.

బ్రేకు మీద ముసలాయన బూటు ఇంకా బిగించే ఉంది. కాలు మోకాలి దాకా వణుకుతోంది.

గారెట్ చేతిబ్రేకు చెడిపోయి మూడు నెలలు. వాలు మీద ఆపినప్పుడల్లా చక్రం వెనక రాయి పెట్టేవాడు. ఇవాళ పెట్టలేదు.

"అయ్యా!" అంటూ నీళ్లలోకి ఉరికాడు.

ముసలాయన పెదాలు కదిలాయి. "పాప దిగిందా?"

"దిగింది. దిగిందయ్యా."

"మంచిది."

అప్పుడు జారింది బూటు. గారెట్ ఆయన్ని చంకల కింద పట్టుకుని లాగేశాడు. ట్రక్కు బుడగలు కక్కుకుంటూ మునిగిపోయింది.

అంబులెన్స్ వచ్చేదాకా గాయాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతూనే ఉంది. అంబులెన్స్ రాకముందే ముసలాయన చల్లబడ్డాడు.

పేరు వెర్నన్ హాస్కెల్ అనీ, నది అవతలి జిల్లా అనీ, చేపల కోసం వచ్చాడనీ మాత్రం తెలిసింది.

ఆ తర్వాత గారెట్ టిఫిను హోటల్లో కూర్చుంటే జనం వచ్చి భుజం తట్టేవారు.

"నేనైనా అదే చేద్దును."

"కన్నవాడికి ఇంకో దారేముంది?"

వాళ్లు ఓదార్చిన కొద్దీ అతనికి ముద్ద దిగేది కాదు. డెల్లా రాత్రుళ్లు తల్లి దగ్గరే పడుకుంటోంది. నాన్న ఎత్తుకోబోతే ఒళ్లు బిగబట్టేది.

పందొమ్మిదో రోజున ప్రభుత్వ లాయరు పిలిపించాడు. పక్కన షెరీఫ్ లొరెట్టా, టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ జిల్లా పోలీసులకి పెద్ద ఆవిడే.

"కేసు లేదు," అన్నాడు లాయరు. "నీ చోట బుద్ధున్న ఏ మనిషి ఉన్నా, బిడ్డని ఎత్తుకుపోతున్నాడనే అనుకుంటాడు. ఆ చేయి తుపాకీ కోసమే దిగిందనుకుంటాడు. నువ్వు పొరబడ్డావు. ఆ పొరపాటుని చట్టం తప్పు పట్టదు."

"నేను పడుతున్నాను కదండీ."

"దానికి నా దగ్గర సెక్షన్ లేదు, గారెట్."

"కొన్నాళ్లయినా లోపలెయ్యండి. బండి బాగుచేయించనందుకైనా."

లాయరు కాగితాలు సర్దుకున్నాడు.

బయట మెట్ల మీద గారెట్ కూలబడ్డాడు. లొరెట్టా వచ్చి పక్కన నిలబడింది.

పందొమ్మిది రోజులుగా ఒక్క ఆశని పట్టుకుని వేలాడుతున్నాడు. అది అడగడానికి ఇప్పటికి నోరు పెగిలింది.

"షెరీఫమ్మా... ఆయన నడుముకి ఏమైనా ఉందా?"

"ఉంది. నిండా గుళ్లున్న పిస్టలు."

గారెట్ గట్టిగా ఊపిరి వదిలాడు.

"ఒర బొత్తామైనా ఊడలేదు," అంది లొరెట్టా. "చేయి దాన్ని దాటుకుని వెళ్లి పాప బెల్టు నొక్కింది."

గారెట్ తలెత్తి ఆమెని చూశాడు.

"నేను గురిపెట్టి ఉన్నాను. నన్ను కాల్చే హక్కు ఆయనకి లేదా?"

"నీకెంత ఉందో ఆయనకీ అంతే ఉంది."

"మరెందుకు కాల్చలేదు? చేతకాకనా? భయపడ్డాడా?"

లొరెట్టా టోపీ పెట్టుకోబోయి, మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"ఎప్పుడు కాల్చాలో, ఎప్పుడు కాల్చకూడదో పోలీసు శిక్షణలో నాకు నేర్పిన మాస్టారు ఆయనే."