తేలికే కనుక

తమ్ముడు తలుపు తోసుకొచ్చి గణిత పత్రికని అక్క బల్ల మీద విసిరేశాడు.

“మళ్ళీ అదే పని! ‘ఇది తేలికే కనుక రుజువు పాఠకులకు వదిలేస్తున్నాను’ అని రాస్తావా? ఆ తేలికైన ముక్క నిరూపించడానికి నా తల ప్రాణం తోకకొచ్చిందక్కా!”

ఇద్దరూ బీజగణితం ప్రొఫెసర్లే. అందరి పరిశోధన పేపర్లకంటే అక్కవే ఎక్కువమంది ఉటంకించారని ఇవాళ సన్మానం. కింద హాల్లో మైకు సర్దుతున్నారు.

“మరి నీ రుజువు అచ్చయిందా?” కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగింది అక్క.

“అయింది. మొదటి వాక్యంలోనే నీ పేరు, ఎప్పట్లాగే.”

“నీ పేపర్లన్నీ నేను వదిలేసిన ముక్కల మీదేగా?”

తమ్ముడు లెక్కేసుకున్నాడు. నిజమే. తన ఉద్యోగం, ప్రమోషన్లు, అన్నీ ఆ ముక్కల చలవే. కోపం కాస్తా చప్పున చల్లారిపోయింది.

“ఇన్నేళ్ళూ నా కోసమే వదిలావా అక్కా?”

అక్క లేచి తలుపు దగ్గరికి వేసింది.

“నీ మొహం! నాకు చేతకాకేరా. రుజువు రాలేదని రాస్తే నువ్వు పట్టించుకుంటావా? తేలిక అంటేనే కదా నీకు ఒళ్ళు మండేది! నువ్వు రుజువు చేశాకే కదా, లోకమంతా నా పేరు చెప్పడం మొదలెట్టేది!”

తమ్ముడు నోరు వెళ్ళబెట్టాడు.

కింద చప్పట్లు మొదలయ్యాయి. అక్క చీర కుచ్చిళ్ళు సర్దుకుని, గుమ్మంలో వెనక్కి తిరిగింది.

“అన్నట్టు, నా కొత్త పేపర్లో నాలుగో పేజీ చూడు. చాలా తేలికరా.”

అంతా తెలిసి కూడా తమ్ముడికి ఒళ్ళు భగ్గున మండింది. పెన్ను కోసం జేబులు తడుముకున్నాడు.