పదిహేను రోజులు

"చెప్పిందెవరో నాకు తెలియాలి! మన ఇంటి సంగతి పోలీసులదాకా ఎలా పోయింది?"

అన్న అరిచిన అరుపుకి ఎదురింటి కిటికీలో ఒక తల చటుక్కున లోపలికి పోయింది. చెల్లెల్ని ఎక్కించుకున్న జీపు వీధి మలుపు తిరిగి ఇంకా పావుగంట కాలేదు. అమ్మ తలుపు గడియ వేసి, ఆ తలుపుకే ఆనుకుని కూలబడింది. నాన్న మాత్రం కుర్చీలో కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు. బస్సు డిపోలో టైమ్ కీపరు ఆయన. ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమో రాసుకోవడమే తప్ప, ఒకరిని పల్లెత్తు మాట అని ఎరగడు.

"ఇంత జరిగితే డ్యూటీకి బయల్దేరావా నాన్నా?"

"డ్యూటీకి కాదురా. స్టేషన్‌కి."

మొన్న సాయంత్రం చెల్లి ఇస్త్రీ పెట్టె ఎత్తి మొగుడి తల పగలగొట్టింది. కట్టుబట్టలతో బస్సెక్కి పుట్టింటికి వచ్చిపడింది. అప్పటికి ఆమె పెదవి చిట్లి ఉంది. మెడ మీద ఐదు వేళ్ళూ అచ్చు గుద్దినట్టు కనబడుతున్నాయి. అమ్మ వెంటనే కిటికీ రెక్కలు మూసేసింది, ఎవరి కంటా పడకుండా.

నిన్నంతా అన్న తన మోటారు రిపేరు షాపు మూసుకుని ఆస్పత్రి చుట్టూ తిరిగాడు. బావ గడ్డం పట్టుకుని బతిమాలాడు. చివరికి బావ మెత్తబడ్డాడు. బాత్‌రూమ్‌లో జారిపడ్డానని డాక్టరుతో చెప్పాడు. "కేసులూ గీసులూ మనకెందుకు బావగారూ? ఇంటికి పంపించండి చాలు, నేను చూసుకుంటాను" అన్నాడు. ఎంత పెద్ద మనసని అన్నకి కళ్ళు చెమ్మగిల్లాయి. ఇవాళ పదింటికి డిశ్చార్జి అవగానే నేరుగా వచ్చి పెళ్ళాన్ని తీసుకెళ్తానన్నాడు. అమ్మ కూతురి బట్టలు సర్దేసింది కూడా. చెల్లి గోడవైపు తిరిగి పడుకుంది.

ఏడింటికి జీపు వచ్చింది. "మీ ఆయన్ని కొట్టింది నువ్వేనా?" అని అడిగితే, "నేనే" అని లేచి చెప్పులు వేసుకుంది.

"బావేమో నోరు విప్పలేదు. మనమా, చెప్పలేదు. మరి ఎవడు?" అంటూ అన్న గదిలో కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఉన్నట్టుండి ఆగి పైకప్పు వైపు చూశాడు. "పైవాటా వాడు! నిన్న మెట్ల దగ్గర దాన్ని చూశాడు!"

మరుక్షణం మెట్ల మీద ఉన్నాడు. పైవాటాలో స్కూలు వ్యాను డ్రైవరు సగం గడ్డం గీసుకుని, మిగతా సగం నురగతో తలుపు తీశాడు. అన్న అతని బనీను ఒడిసిపట్టుకున్నాడు.

"పోలీసులకి చెప్పింది నువ్వేగా?"

"నేను కాదు బాబూ! నిన్న అమ్మాయి మెడ చూసినప్పుడు చెబుదామనే అనిపించింది, అబద్ధమెందుకు. కానీ చెబితే ఆయన మీద చెబుతాను గానీ, ఆ పిల్ల మీద చెబుతానా?"

అన్న చెయ్యి లేపాడు. అప్పుడు మెట్ల కిందనుంచి నాన్న గొంతు వినబడింది. "అతన్ని వదులు. అతను కాదు. కిందికి రా."

కిందికి దిగేసరికి ఫోన్ మోగింది. బావ. నిన్నటి మెత్తదనం ఆ గొంతులో మచ్చుకైనా లేదు.

"ఆస్పత్రికి పోలీసులొచ్చారేంటి? మీరేం చేస్తారో నాకు తెలీదు, సాయంత్రానికి అది నా ఇంట్లో ఉండాలి. దాని సంగతి నేను తేల్చాలి."

"అలాగే బావా, అలాగే" అంటూనే ఉన్నాడు అన్న, అవతల పెట్టేశాక కూడా. "నొప్పి మీదున్నాడులే" అన్నాడు ఎవరూ అడక్కుండానే.

తెలిసిన వకీలుకి ఫోన్ చేశాడు. ఆయన చెప్పింది వింటూ మంచం మీద చతికిలబడ్డాడు.

"ఏమంటున్నాడ్రా?" అంది అమ్మ.

"తలకి ఏడు కుట్లు. పైగా అదే ఒప్పుకుంది. ఇవాళ కోర్టులో పెట్టి జైలుకి పంపిస్తారట. పదిహేను రోజుల దాకా బయటికి రావడం కష్టమట."

అమ్మ గుండెలు బాదుకుంది. నాన్న బూటు తాడు ముడి వేస్తూ తలెత్తాడు.

"మీ బావ వెళ్ళి, నాకే అభ్యంతరం లేదు, నా భార్యని నాతో పంపండి అంటే?"

"పంపరు నాన్నా! వాళ్ళ చేతిలోకి పోయాక, మొగుడొచ్చినా మొగుణ్ణి పుట్టించినవాడొచ్చినా పంపరు!"

"పదిహేను రోజులూ పంపరు కదా?"

"అదేగా ఏడుస్తున్నాను! చల్లారిపోయినదాన్ని మళ్ళీ రాజేశాడు, ఎవడో గానీ. దొరకాలి వాడు, కాళ్ళు విరగ్గొడతాను."

"నా కూతురి ఉసురు తగలకపోదు వాడికి" అంది అమ్మ వెక్కుతూ. "పసిపిల్లలా పడుకున్నదాన్ని లేపి తీసుకెళ్ళారు. ఏ పాపిష్టివాడు చెప్పాడో!"

నాన్న కుర్చీలోంచి లేచాడు.

"మూడుసార్లు మన దగ్గరికి పారిపోయి వచ్చింది, మూడుసార్లూ నేనే తీసుకెళ్ళి వాడి గుమ్మంలో దింపి వచ్చాను... పోలీసులైతే పంపరని, పొద్దున్నే నేనే ఫోన్ చేశాను."